బాపు చెవి కొలతకు కుట్టిన పాటలు

బోధన్‌లో కూర్చుని ఒక రాక్ ఆల్బమ్ చేశానని చెబితే, వినేవాళ్ళు ముందు "ఏ సినిమాకు?" అని అడుగుతారు. సినిమాకు కాదంటే "అయితే భజనలా?" అంటారు. అదీ కాదన్నాక అడగడం మానేసి నా వైపు జాలిగా చూస్తారు. వాళ్ళను తప్పుపట్టను. తొంభైల చివర్లో, చెరుకు బండ్లు బారులు తీరిన రోడ్డు పక్కన, మధ్యాహ్నం పూట కిటికీలు మూసుకుని ఒక ఆడపిల్ల ఎలక్ట్రిక్ గిటార్ మోగించిందంటే, కలగన్నానేమోనని నాకే ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ రెండు చెరుకు సీజన్లూ నా జ్ఞాపకంలో ఇంకా పూర్తిగా తెల్లారనట్టే ఉన్నాయి.

ఎందుకు చేశానన్నది మాత్రం కలలా లేదు. మా నాన్నకు, మా బాపుకు, చెవులు పోతున్నాయి. పూర్తిగా పోయేలోపు నేను పాడిన పాట ఆయన వినాలి. పేరు రావాలని, టీవీలో కనబడాలని నాకు లేదని బడాయి పోను. ఉండేది. కానీ అవన్నీ దీని తర్వాతే.

బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్. చెరుకును పిండే పెద్ద పెద్ద రోలర్ల పక్కనే ఆయన జీవితం గడిచింది. అక్కడ పక్కవాడి మాట వినబడదు, చేతులతో, కనుబొమలతో మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చాక కూడా నీళ్ళు కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించేవాడు. మేం అది ఆయన అలవాటనుకున్నాం. చెవులు తగ్గుతున్నాయని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాం. పక్కింటి గేదె అరిస్తే తల తిప్పి చూసేవాడు, మా ఇంట్లోనే కుక్కర్ విజిల్ వేస్తే కదిలేవాడు కాదు. లారీ హారన్ వినబడేది, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ గొంతు వినబడేది కాదు. "నేను పిలిస్తేనే ఇనబడదు మీ బాపుకు" అని అవ్వ బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ఎత్తిపొడిచేది. అది నిజమే అయింది పాపం.

నిజామాబాద్‌లో డాక్టర్ చూసి, సన్నని శబ్దాలు ముందు పోతాయి, లావు శబ్దాలు తర్వాత పోతాయి, పోయినవి తిరిగి రావు అని చెప్పాడు. చెవి మిషన్ ఒకటి ఇచ్చాడు. బాపు దాన్ని ఒక్క పూట పెట్టుకుని తీసి సొరుగులో పడేశాడు. "మిల్లంత వచ్చి నెత్తిల కూసున్నట్టుంది" అన్నాడు. అప్పటినుంచి మేం ఆయనతో కేకలు వేసి మాట్లాడటం మొదలుపెట్టాం. "గంతగనం ఒర్రకుండ్రి, నాకు ఇనొస్తది" అనేవాడు. వినొచ్చేది కాదు. మా పెదవులు చూసి, సగం ఊహించి, తల ఊపేవాడు.

ఇక నా గిటార్ సంగతి. డిగ్రీ కోసం నిజామాబాద్‌కు బస్సులో తిరిగే రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో కోరస్ పాడేదాన్ని. గణపతి మంటపాలు, పెళ్ళి రిసెప్షన్లు. ఆర్కెస్ట్రా నడిపే అన్న దుబాయి పోవడంతో అది మూతపడి, ఎవరికీ అక్కరలేని గిటార్ నా దగ్గర మిగిలింది. అదే ఏడాది మా క్లాసులో ఒకమ్మాయి తన వాక్‌మన్‌తో సహా ఇచ్చిన క్యాసెట్లో ఇంగ్లీషు పాటలు విన్నాను. మాటలు సగం అర్థం కాలేదు. పాడేవాడి గొంతు బాగులేదు, గిటార్ చిరిగిన గుడ్డలా ఉంది. అయినా బస్సు జానకంపేట దాటుతుంటే, కిటికీలోంచి చెరుకు తోటలు ఊగుతుంటే, ఆ పాట ఆ తోటల్లోంచే వస్తున్నట్టనిపించింది. ఇట్లా కూడా పాడొచ్చా అని ఆశ్చర్యపోయాను. అలాంటిదే మన మాటల్లో పాడాలని ఆ రోజే అనుకున్నాను.

పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే పాత ఆంప్లిఫయర్ ఒకటి దొరికింది. దాని స్పీకర్ చిరిగి ఉంటే అవ్వ పాత చీర ముక్కను మైదా జిగురుతో అంటించింది. అతుకు సరిగ్గా పడలేదు. గిటార్ మీటితే ఝుమ్మని, గరగరమని, లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు మోగింది. ఆ క్యాసెట్లో విన్న చిరుగు అచ్చంగా అదే. నేను ఎగిరి గంతేశాను. అవ్వ మాత్రం "కరాబైంది, ఇంక జర జిగురు పెట్టాల్నా?" అని నొచ్చుకుంది. వద్దని బతిమాలుకున్నాను.

మా క్వార్టర్‌లో ఒకటే పెద్ద గది. సీజన్ మొదలైతే ఊరంతా మరుగుతున్న చెరుకు పాలవాసన, దాని అడుగున మడ్డి పులిసిన వాసన. పొగగొట్టం నుంచి పిప్పి కాలిన బూడిద నల్లగా, మెత్తగా, తొందర లేకుండా రాలుతుండేది. దండెం మీద బట్టలు ఆరేస్తే చుక్కలు చుక్కలుగా పడేది. మధ్యాహ్నం పూట ఎండ ఆ పొగలోంచి వడకట్టుకుని వచ్చి గోడమీద బెల్లం రంగులో నిలబడేది. ఫస్ట్ షిఫ్ట్ దిగి బాపు స్నానం చేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అవ్వ మూలన బీడీలు చుట్టేది. నేను గిటార్ పట్టుకునేదాన్ని. అదే మా స్టూడియో.

ముందు చేసిన పని, బాపుకు ఏది వినబడుతుందో, ఏది వినబడదో తేల్చుకోవడం. నేను కింది స్వరం నుంచి ఒక్కొక్కటే పైకి మీటుతూ పోయేదాన్ని. వినబడినంతసేపు బాపు అరచెయ్యి పైకెత్తి పట్టుకునేవాడు. వినబడకపోతే చెయ్యి మోకాలి మీద పడేది. చెయ్యి పడిన చోట గిటార్ మెడకు అవ్వ బీడీలకు కట్టే దారం ఒక చుట్టు చుట్టి ముడివేశాను. ఆ దారం దాటి పైకి నా వేళ్ళు పోకూడదు. అందరికన్నా సన్నని తీగ ఆయనకు అసలే వినబడలేదు, దాన్ని విప్పి పక్కన పడేశాను. టైలర్ నడుముకు టేపు పెట్టి కొలిచినట్టు బాపు చెవిని కొలిచి, ఆ కొలతకు పాటలు కుట్టడం మొదలుపెట్టాను.

అయితే కొలత నిలబడేది కాదు. కొన్ని వారాలకోసారి మళ్ళీ పరీక్ష పెడితే చెయ్యి ఇంకాస్త ముందే పడేది. దారం విప్పి ఇంకా కిందికి జరిపి కట్టేదాన్ని. బాపు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఇంత నింపాదిగా, ఇంత మత్తుగా ఉన్న ఆ మధ్యాహ్నాల్లో ఆ ముడి ఒక్కటే తొందరపడుతుండేది.

శ్రుతి కోసం పడిన తిప్పలు చెబితే సంగీతం తెలిసినవాళ్ళు నన్ను కొడతారు. మా ఇంట్లో హార్మోనియం లేదు, ఏమీ లేదు. "సైరన్ పట్టుకుని కలుపుకో" అన్నాడు బాపు. షిఫ్ట్ మారినప్పుడల్లా ఫ్యాక్టరీ సైరన్ కూస్తుంది, అది ఆయనకు బాగా వినబడే కొద్ది శబ్దాల్లో ఒకటి. నాకు సందేహమే రాలేదు. ఊరంతా గడియారాలు దాన్ని వినే దిద్దుకుంటుంది. బడి గంట, హోటల్ షట్టర్, అన్నం వార్చడం, అన్నీ దాని ప్రకారమే. సమయం ఇంత కచ్చితంగా చెప్పేది స్వరం మాత్రం తప్పు చెబుతుందా? "సైరన్ తప్పు కొడతదా?" అన్నాడు బాపు కూడా. కొట్టదు కదా అనుకున్నాను. ప్రతిరోజూ మధ్యాహ్నం సైరన్ కూయగానే తీగలు బిగించి దానికి కలుపుకునేదాన్ని.

డ్రమ్ముకు ఒక అన్నను పట్టుకున్నాను. పెళ్ళి బ్యాండులో పెద్ద ఢోలు వాయిస్తాడు. ముహూర్తాలు లేని నెలల్లో ఖాళీగా ఉండేవాడు. కట్టెలకు గుడ్డ చుట్టి కొట్టమంటే మొదట మొహం ముడుచుకున్నాడు. "చెల్లె, గిది పెండ్లా, సావా? గింత మెల్లగ కొడితే ఎవరు ఎగుర్తరు?" అన్నాడు. ఎగరడానికి కాదన్నా, మా బాపు వినడానికి అన్నాను. కట్టెలకు గుడ్డ తనే చుట్టుకున్నాడు. ఢోలు ఊపిరి పీల్చినట్టు మోగించాడు. కొడుతూ కొడుతూ బాపు వైపు చూసేవాడు, బాపు మెడ ఆడుతుంటే అదే దెబ్బ పట్టుకునేవాడు.

నిజామాబాద్‌లో గంజ్ పసుపు మార్కెట్ దగ్గర క్యాసెట్ల దుకాణం నడిపే భాయ్ రికార్డింగ్ డెక్ ఒకటి మాకు రెండో సీజన్ పొడుగునా వాడుకోమని ఇచ్చాడు. గిటారూ ఢోలూ కలిపి ఇంట్లోనే ఎక్కించాం. ప్రతి పాటలోనూ అవ్వ కత్తెర చప్పుడు పడింది. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే పని ఆగదు కదా. "నీ పాటకు నేను పని బందు వెట్టాల్నా?" అని గయ్యిమంది ఒకసారి. కిచ్ కిచ్‌మని తునికాకు తెగే ఆ చప్పుడు లేకుండా ఒక్క పాట కూడా లేదు. బాపుకు అది ఎలాగూ వినబడదు. నాకు మొదట చిరాకేసింది, పోనుపోను అది లేకపోతే తాళం తప్పేదాన్ని.

సీజన్ అయిపోవస్తుండగా టేపులన్నీ సంచిలో వేసుకుని భాయ్ దగ్గరికి పోయాను. పసుపు కొమ్ముల వాసన దుకాణం దాకా వస్తుండేది, మిషన్ల మీద కూడా పచ్చటి దుమ్ము. భాయ్ తన కీబోర్డు తీసి ముందు పెట్టుకున్నాడు. భజనలకైనా, కవ్వాలీకైనా, బతుకమ్మ పాటలకైనా ఆయన కీబోర్డు లేకుండా ఆ దుకాణం నుంచి క్యాసెట్ బయటికి రాదు. మొదటి పాట పెట్టాడు. ఒక మెట్టు నొక్కాడు, మొహం చిట్లించాడు. పక్క మెట్టు నొక్కాడు, ఇంకా చిట్లించాడు.

"అరె బేటీ, గిదేం సుర్ ఇది? సా గాదు, రే గాదు. నడుమిట్ల యాడనో కూసున్నది" అన్నాడు.

రెండో పాట పెడితే అది ఇంకో నడిమిట్లో ఉంది. చివరి పాట వాటన్నిటికన్నా కింద. అప్పుడు తెలిసింది. ఆవిరి ఒత్తిడిని బట్టి సైరన్ గొంతు మారుతుంది. సీజన్ మొదట్లో పొగరుగా కూసింది, చెరుకు తగ్గేకొద్దీ నీరసంగా దిగిపోయింది. నేను రోజూ దాన్నే నమ్ముకుని దానితోపాటే దిగుతూ వచ్చాను. భాయ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. కీబోర్డు గుడ్డ కప్పి పక్కన పెట్టేశాడు. మళ్ళీ ఎక్కిద్దామన్నాడు. మళ్ళీ అంటే వచ్చే సీజన్. వచ్చే సీజన్‌కు ఆ దారం ఎక్కడికి జారుతుందో నాకు తెలుసు. ఇట్లనే ఉండనీ భాయ్, గొంతు కలిపేస్తానన్నాను.

గొంతు కలపడానికి ఆయన దగ్గర రెండు డెక్కులే ఉన్నాయి. ఒకదాంట్లో పాత టేపు తిరుగుతుంటే దానిమీద నేను పాడాలి, రెండూ కలిసి ఇంకోదాంట్లో ఎక్కాలి. ఇలా కాపీకి కాపీ తీసిన కొద్దీ శబ్దం అంచులు అరిగిపోతాయి. "ట్రెబల్ అంత పోయింది బేటీ, దుప్పటి కప్పుకుని పాడినట్టున్నది" అని భాయ్ బాధపడ్డాడు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. పోయినవన్నీ బాపుకు వినబడనివే. మిగిలింది మెత్తగా, లావుగా, నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే మా గది, ఆ బెల్లం రంగు ఎండ, రాలే బూడిద మొత్తం అందులోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది.

కష్టమల్లా నా గొంతుతోనే. నాది సన్నని గొంతు. ఆర్కెస్ట్రాలో నన్ను తీసుకున్నదే అందుకు. అది బాపుకు చేరదు. అందుకని అంతకుముందే ఏడాది పొడుగునా, ఎవరూ లేనప్పుడు, గొంతును కిందికి దించడం నేర్చుకున్నాను. మైకుకు పెదవులు ఆనించి, ఛాతీలోంచి, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడేదాన్ని. పాటలన్నీ నేను రాసుకున్నవే, మనం మాట్లాడే మాటల్లోనే. ఒక పాట మా దండెం మీద ఆరేసిన బాపు అంగీ మీద:

దండెం మీద తెల్లంగి
దాని మీద నల్ల వాన
దులిపితే పోదు, పిండితే పోదు
తొడిగినోడు నవ్వుతుండు

ఇంట్లో ఎక్కించినప్పుడు ఏ పాటా పాడలేదు, వాయించడం వరకే. బాపు "పాడవేందే?" అని అడిగితే "ఆఖరికి పాడుత" అని సైగ చేసేదాన్ని. మొత్తం పూర్తయ్యాకే వినిపించాలని నా పంతం.

క్యాసెట్ తీసుకుని ఇంటికొచ్చిన రోజు సీజన్ ముగిసింది. ఫ్యాక్టరీ ఆగిపోతే ఊరికి ఒక్కసారిగా చెవులు గుయ్యిమంటాయి, అంత నిశ్శబ్దం. బాపు ఉతికిన బట్టలు వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికి పోతున్నంత తయారై టేప్‌రికార్డర్ ముందు కూర్చున్నాడు. అవ్వ కత్తెర కింద పెట్టింది. ఆమె అలా పెట్టడం నేను అంతకుముందు చూడలేదు. బటన్ నొక్కాను.

బాపు మొదట మిషన్ వైపు చూశాడు. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద వేళ్ళు ఢోలు దెబ్బకు కదిలాయి. తెల్లంగి పాట వచ్చేసరికి పెదవుల మీద నవ్వు పాకింది. నవ్వాల్సిన చోటే నవ్వాడు. అంటే మాటలు వినబడుతున్నాయి. ఒక్కొక్క మాటా. నాకు అరవాలనిపించింది, ఏడవాలనిపించింది, అవ్వ చెయ్యి పట్టుకుని నొక్కేశాను. క్యాసెట్ ఒక వైపు మొత్తం అయిపోయి మిషన్ టక్కుమని ఆగింది.

"మస్తుంది" అన్నాడు బాపు. "అంత ఇనొచ్చింది. గా పిలగాడెవడే? మంచిగ పాడిండు. నా అంగి ముచ్చట వానికెట్ల ఎర్క?"

నేను అవ్వ చెయ్యి వదిలేశాను.

"మరి నువ్వెప్పుడు పాడుతవు? అవుతలి దిక్కున్నయా నీ పాటలు?" అని ఆశగా అడిగాడు.

నేనే పాడాను బాపూ అని నా ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన నవ్వేశాడు. నేను ఆటపట్టిస్తున్నాననుకున్నాడు.

"నీ గొంతు నాకు ఎర్క లేదా? సన్నగ పిట్ట లెక్కుంటది. బడి ఇడిసిపెడితే గేటు కాడికెల్లి 'బాపూ' అనుకుంట ఉరికొస్తుంటివి గదా. గది నీ గొంతు."

నేను మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉన్నప్పటి మాట అది. నా గొంతు ఆయనకు ఆఖరిసారి సరిగ్గా వినబడింది అప్పుడేనన్నమాట. ఆ తర్వాత ఆయన విన్నవన్నీ కేకలే. కేకకు మనిషి గుర్తు ఉండదు, అవ్వ కేకా నా కేకా ఒకటే. ఇన్నేళ్ళుగా నేను ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే, ఆయన లోపల ఆ చిన్నపిల్ల గొంతునే నా నోటికి తగిలించుకుని వింటున్నాడు. ఆయనకు వినబడాలనే గొంతు మార్చుకున్నాను. వినబడింది, కానీ అది నాది కాకుండా పోయింది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

అవ్వ నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఏడుసుడెందుకు? ముంగట కూసోని పాడి సూపియ్యరాదు" అంది.

టేపు వెనక్కి తిప్పి, బాపు మోకాళ్ళకు నా మోకాళ్ళు ఆనేంత దగ్గరగా కూర్చుని, పాటతోపాటు పెదవులు కలిపి పాడాను. ఆయన నా నోటివైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు, మళ్ళీ నా నోటివైపు. నవ్వు తగ్గింది. చెయ్యి చాచి మిషన్ ఆపేశాడు. ఆగకుండా నేను పాడుతూనే ఉన్నాను, గిటార్ లేదు, ఢోలు లేదు, అదే కింది గొంతు. ఆయన తల వంచి చెవి నా నోటి దగ్గర పెట్టాడు. తడి ఆరని జుట్టు నా చెంపకు తగిలింది. పాట అయిపోయేదాకా చెవి తియ్యలేదు.

తర్వాత తలెత్తి నన్ను కొత్త మనిషిని చూసినట్టు, పైనుంచి కింది దాకా చూశాడు.

"గింత పెద్దగైనవా బిడ్డా?" అన్నాడు. "ఎప్పుడైనవే?"

కళ్ళు తుడుచుకుని, ఇంకాస్త దగ్గరికి జరిగి, ఇంకో పాట ఎత్తుకున్నాను.